పేరు తీసేసిన తర్వాత

ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకూ చెప్పలేదు, ఆఫీసులోనూ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో ఆ పూట వాన పడిందని మాత్రం రాశాను. ఇప్పుడు కూడా గుర్తులు కొన్ని మార్చే రాస్తున్నాను.

నేను పనిచేసే చిన్న కంపెనీ సికింద్రాబాద్ స్టేషన్‌కు దగ్గర్లో, ఒక పాత భవనం పైఅంతస్తులో ఉంది. దవాఖానకు ఫోన్ చేస్తే మనిషికి బదులు మాట్లాడి అపాయింట్‌మెంట్ ఇచ్చే యంత్రాన్ని అక్కడ తయారు చేస్తారు. దానికి జనం భాష బాగా పట్టుబడాలని, వచ్చిన కాల్స్ రికార్డింగులను నగరంలోనే ఉన్న ఇంకో కంపెనీకి పంపుతారు. అక్కడివాళ్లు విని, అక్షరాల్లో రాసి ఇస్తారు. పంపే ముందు పేరు, ఫోన్ నంబరు వచ్చిన చోటల్లా సాఫ్ట్‌వేర్ దానంతటదే బీప్ పెడుతుంది. ఆ బీపులు సరిగ్గా పడ్డాయో లేదో విని చూడటం నా ఉద్యోగం. ఎవరితోనూ మాట్లాడే అవసరం ఉండదని ఇష్టపడి చేరాను. సాయంత్రానికి హెడ్‌ఫోన్ కింద చెవులు వేడెక్కిపోతాయి. అన్నీ నొప్పులే, జ్వరాలే. ఇంటికి వెళ్లాక అమ్మ పిలిచినా పలకబుద్ధి కాదు.

ఆ మధ్యాహ్నం ఒక ఆడగొంతు చాలా మెల్లగా మాట్లాడింది. పేరు దగ్గర బీప్ పడింది. నంబరు దగ్గరా పడింది. ఆ తర్వాతి మాటలు మాత్రం స్పష్టంగా వినిపించాయి.

“రాంగోపాల్‌పేట్ల పిండి గిర్నీ మీది ఇల్లు సార్, చిన్న కోడలిని. లగ్గం కాకముందు నుంచి ఏసుకునే ఫిట్స్ గోలీలు అయిపోయినయి. మా అత్తోళ్లకు తెల్వదు. జెర ఇంటికి ఫోన్ చెయ్యకుండ్రి.”

మేమూ ఆ సందులోనే ఉంటాం. నేను ఆమెను అక్కా అంటాను. పెళ్లికి ముందు నుంచీ ఉన్న జబ్బును దాచారని తెలిస్తే ఆ ఇంట్లో ఏమవుతుందో నాకు తెలుసు. మా సందు నుంచే ఇద్దరు, విని రాసిచ్చే ఆ రెండో కంపెనీకి పనికి వెళ్తారు.

నిబంధనల ప్రకారం అది పాసే. నేను ఫెయిల్ అని పెట్టాను.

మా టీమ్ లీడర్‌ది బోయిన్‌పల్లి. అందరం అన్నా అనే పిలుస్తాం. ఆ వారమే అన్నీ పంపాలని పైనుంచి ఒత్తిడి ఉంది. నా కుర్చీ పక్కన నిలబడి, “పేరు లేదు, నంబర్ లేదు. ఇంకేం కావాలె నీకు?” అన్నాడు. రికార్డింగు వినిపిస్తే అర్థమయ్యేదేమో. కానీ వినిపిస్తే, విన్నవాళ్లలో ఇంకొకరు చేరతారు. చివరికి, మీ అమ్మగారిచేత మన టెస్ట్ నంబరుకు ఒకసారి ఫోన్ చేయించమని అడిగాను. ఆయన నవ్వి, సరే అన్నాడు.

మర్నాడు ఆ రికార్డింగుకు కూడా బీపులు పెట్టించి స్పీకర్‌లో వేశాం. పెద్దావిడ యంత్రాన్ని బిడ్డా అని పిలిచింది. కూరగాయల మార్కెట్ గేటుకు ఎదురుగా ఇనుప సామాన్ల దుకాణం మీద ఉంటామని, కంప్యూటర్ పని చేసే పెద్దోడి తల్లినని చెప్పుకుంది. షుగర్ ఎక్కువైందని, అన్నం బదులు రొట్టె చేయమంటే కోడలు చేయడం లేదని కూడా చెప్పింది. బీప్ పడింది ఒక్కచోటే, ఆమె పేరు మీద.

వెనక బల్ల నుంచి ఒకరన్నారు: “అన్నా, మీ అమ్మనే గదా? వదిన మీద మస్తు కోపమున్నట్టుంది.”

అందరూ నవ్వారు. ఆయన లేచి వెళ్లి స్పీకర్ ఆపేశాడు.

మా వైపు పేరుతో పరిచయం చేసుకునేవాళ్లు తక్కువ. ఎవరి కోడలు, ఎవరి తల్లి, ఏ దుకాణం మీద, ఇదే చెబుతాం. పేరు తీసేస్తే చాలనుకున్నవాళ్లు ఎక్కడ పెరిగారో నాకు తెలియదు.

రికార్డింగులు పంపలేదు. ఆ వారం పంపాల్సినవన్నీ చెరిపేశారు. నిబంధనలు మార్చాం. చుట్టరికాలూ గుర్తులూ వచ్చిన చోటల్లా ఇప్పుడు బీపులే. సగం మాటలు పోతున్నాయని రెండో కంపెనీవాళ్లు, పని రెండింతలైందని ఇక్కడివాళ్లు విసుక్కున్నారు. క్యాంటీన్‌లో నా బల్ల దగ్గర కూర్చోవడం కొందరు మానేశారు. గెలిచినట్టు అనిపించలేదు. నిద్ర చాలనట్టు అనిపించింది, అంతే.

తర్వాత ఒక ఆదివారం జొన్నలు పట్టించడానికి గిర్నీకి వెళ్తే అక్క కనిపించింది. అమ్మ మోకాళ్ల గురించి అడిగింది. తనకు తెలిసిన దవాఖాన ఒకటుందని, అక్కడ చూపించమని చెప్పింది. ఫోన్‌లో మాట్లాడటానికి నాకు బెరుకని సందులో అందరికీ తెలుసు. అందుకేనేమో, వెళ్లబోతూ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

“భయపడకు చెల్లె, ఆడ ఫోన్ మిషినే ఎత్తుతది. నీకు ఏమున్నా దానికి చెప్పుకో. ఎవ్వరు వినరు.”