గంజి నూలు కట్టి చూసిన రెండు గదులు

1993 జనవరి 19, మంగళవారం, పగలు పదకొండుంబావుకు పోర్ట్ బ్లెయిర్ రేవులో ఓడ దిగాం. అండమాన్‌లో నాలుగు రాత్రులు ఉండాలి. మా ఆయన గద్వాల పోస్టాఫీసులో గుమాస్తా. ఇరవై రెండేళ్ల నౌకరీలో ఆయన తీసుకున్న మొదటి ప్రయాణపు సెలవు అది. సముద్రం చప్పుడు వింటూ పడుకోవాలని ఆయన కోరిక. నాకేమో ఆయన ఆయాసం భయం.

నేను మగ్గం దగ్గర పెరిగినదాన్ని. ముసురు పట్టిన రోజు గంజి పెట్టిన నూలు మెత్తబడిపోతుంది. ఆయనకు ఆయాసం లేచేదీ ఆ రోజుల్లోనే. ఆరేళ్ల తేదీలు నా పుస్తకంలో ఉన్నాయి. అందుకే గదిలో తడి ఎంతుందో చూడటానికి పెట్టెలో మూడు గంజి పోగులు తెచ్చాను.

మొదటి లాడ్జి నీళ్ల ఒడ్డునే. వరండాలో రెండు కుర్చీలు. ఆయన అప్పుడే చెప్పులు విడిచాడు. నేను కిటికీ కమ్మీకి పోగు కట్టి గడియారం చూశాను.

"సముద్రం జూడనీకి వచ్చినమా, నూలు ఆరబెట్టనీకి వచ్చినమా?" అన్నాడు.

"జర ఆగు. అరగంట."

లాడ్జి నడిపే ఆమె శ్రీకాకుళం మనిషి. "ఇక్కడ గాలంతా తడేనమ్మా. పొడి గది కావాలంటే కొండెక్కాల," అని నవ్వింది.

పదహారు నిమిషాలకే పోగు వాలిపోయింది. కొండ మీది లాడ్జిలో రెండో పోగు అరగంటైనా బిర్రుగానే ఉంది. అక్కడే దిగాం. కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ.

"గిది గద్వాలల్నే ఉండె గదనే," అన్నాడు.

నాలుగింట మూడు రాత్రులు ఆయాసం లేచింది. శనివారం ఓడకు ఇంకా నాలుగు గంటలుంటే కిందికి దిగాం. ఒడ్డునున్న మొదటి లాడ్జి ఆమె వరండాలో కూర్చోమంది. ఆయన కూర్చున్నచోటే నిద్రపోయాడు. రెండు గంటల పది నిమిషాలు చెవి పెట్టి విన్నాను. ఒక్క పిల్లికూత లేదు. కుర్చీ చేతికి మూడో పోగు కట్టాను. అది మెత్తబడి వేలాడింది.

తడి నూలుకే పడదన్నమాట. మరి మా ఇంట్లో ఆయనకు పడనిదేమిటి? ముసురు రోజుల్లో తలుపులు మూసి ఇంట్లోనే మగ్గం నేసేదాన్ని. గదంతా నూలు దుమ్ము. తలుపుల సంగతి పుస్తకంలో రాసుకోలేదు. కొండ మీది గదీ మూసిన గదే.

ఆయన కళ్లు తెరిచి, "ఒక్క రాత్రన్న ఈడ పండుకుంటే ఎట్లుండెనో," అన్నాడు.

మళ్లీ ఏ సముద్రానికీ పోలేదు. పోయినవి: గంజి పోగులు మూడు, రాత్రులు నాలుగు.