దుప్పటి వెనక నాన్న

నా చేతిరాత బాగోదని ఫోనులో రాస్తున్నాను. ఇందులోనూ తప్పులుంటాయి, మన్నించండి.

తాడేపల్లిగూడెంలో మా ఉల్లిపాయల కొట్టు ముందు తీయించుకున్న పాత ఫొటో ఈవేళ దొరికింది. చూడగానే నాన్న చొక్కాకుండే ఉల్లి వాసన గుర్తొచ్చింది. గోడ మాసిపోయిందని ఆ రోజు ఆయనే మా వెనక తెల్ల దుప్పటి ఎత్తి పట్టుకున్నారు.

“ఏవండీ, మీరూ వచ్చి నించోండి,” అంది అమ్మ.

“దుప్పటి మీ అన్నయ్యొచ్చి పట్టుకుంటాడా? ముందు పిల్లల్ని తియ్యనీ!”

ఎప్పుడూ ఇదే వరస. ఇల్లంతా మోశారు గానీ, ఒక్క నిమిషం మా పక్కన నిలబడలేదు. ఇప్పుడు తద్దినానికి పెట్టుకుందామంటే ఆయన ఫొటో ఒక్కటీ లేదు!

“ముత్తాత ఏరి తాతయ్యా?” అంది మనవరాలు. దుప్పటి అంచున కనిపిస్తున్న వేళ్లు చూపించాను.

గూడెంలో మాతో పెరిగిన నేస్తాల్లారా, మీ ఇంటి పెళ్లి ఫొటోల్లో అన్నం గంగాళం మోస్తూనైనా ఆయన కనిపిస్తే, త్వరగా జవాబు రాయండి.