గట్టెక్కిన వానపాములు

మా పుట్టిల్లు అర్ధవీడు దగ్గర. అక్కడ ముఖం కడిగిన నీళ్లు కూడా ఆనపపాదుకే పోవాలి, లేకపోతే నాయన ఊరుకోడు. అలాంటిదాన్ని, మద్రాసు దొరల కాలంలో కంభం చెరువు కిందికి కోడలిగా వచ్చాను. వచ్చిన ఏడాదే మా అత్త ఇంటి వెనక నల్లరేగడి నేల చెక్క చూపించి, "ఈ మిరపతోట నీది. ఎట్ల పండిస్తావో చూస్తా," అంది. ఆవిడకు నా పనితనం మీద నమ్మకం లేదు. తొలి కోత కాయలు సంచిలో పోసి నాయనకు పంపాలని నేను అప్పుడే అనుకున్నాను.

మొక్కలు మోకాలెత్తు పెరిగాక ముసురు పట్టింది. చేలో నీళ్లు నిలిచాయి. అందరూ గట్లకు గండ్లు కొట్టి నీళ్లు వదులుతుంటే, వీళ్లకు కళ్లు నెత్తికెక్కాయనుకున్నాను. నా చేని గండి మట్టితో బిగించి, చుక్క పోకుండా కాపలా కాశాను. మూడోనాటికి ఆకులు వడలిపోయాయి. దాహమేమో అనుకుని, నా తెలివి తెల్లారినట్టే ఉంది, కాలవ నీళ్లు కూడా తిప్పాను!

అత్త వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. ఒక మొక్క పీకి నా ముక్కు దగ్గర పెట్టింది. వేర్లు నల్లబడి కుళ్లు వాసన.

"దానికి లేంది నీళ్లు కాదే, గాలి! మట్టి సందుల్లో ఉండే గాలినంతా నీళ్లు తరిమేసినాయి. అటు చూడు, ఊపిరాడక వానపాములు గట్టెక్కినాయి. మిరపచెట్టు యాడికెక్కతాది?"

గట్టు మీద నిజంగానే గుంపులుగా వానపాములు. అత్త పార చేతికిచ్చింది. నీళ్లను చేజేతులా వదిలేయడమా! గండి కొడుతూ ఏడ్చేశాను.

నేల ఆరుతూనే మొదళ్లు తవ్వి మట్టి గుల్ల చేశాను. సగం మొక్కలు చచ్చాయి. మిగిలిన సగం వారం తిరక్కముందే లేతాకు తొడిగాయి. పిచ్చిదానిలా ఒక్కదాన్నే నవ్వుకున్నాను. అత్త ఆ పూట నాకు ఒక ముద్ద ఎక్కువే పెట్టింది.

తొలి కోతకు నాయన వచ్చిన రోజు మళ్లీ వాన. నేను గండి కొడుతుంటే పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది తల్లీ ఈ పని! నీళ్లమ్మా, నీళ్లు!"

గట్టెక్కుతున్న వానపామును చూపించి, అత్త చెప్పిన మాటే చెప్పాను. వంగి దాన్ని చూశాడు. తర్వాత నా చేతిలో పార తీసుకుని గండిని తనే వెడల్పు చేశాడు.

ఊరికి పోయేటప్పుడు కాయల సంచి భుజానికేసుకున్నాడు. చేను దాటబోయి ఆగి, గండిలోంచి పోతున్న నీళ్లలో తన చెంబు ముంచి నింపుకున్నాడు.