విత్తనం అమ్మిన లాభం

వేరుశనక్కాయ చిట్లిన చప్పుడు వింటే ఇప్పటికీ నా అరచేతులు చెమరుస్తాయి. మొన్న బజారులో ఎవరో కాయలు ఒలుచుకు తింటూ పక్కనుంచి వెళ్తే అక్కడే నిలబడిపోయాను. పావగడ కాలేజీలో నాతోపాటు పనిచేసిన, నాకంటే పెద్దవారు, కామర్స్ చెప్పే వెంకటరమణప్ప సారు గుర్తుకొచ్చారు. ఆయన నాకు లెక్కలకన్నా ముందు భయపడడం నేర్పారు.

అప్పట్లో షేర్ల పిచ్చి మా ఊరికీ పాకింది. కంపెనీ లెక్కలు వెలువడే ముందు కొనడం, ధర పెరగగానే బెంగళూరు బ్రోకరుకు ఫోను చేసి అమ్మేయడం మా ఇద్దరికీ అలవాటు. కరువులో నూనె ధర మండిపోతోంది కాబట్టి నూనె మిల్లుల కంపెనీకి లాభమే లాభమనుకున్నాం. సారు ఇంటికప్పు బాగుచేయించడానికి దాచింది పెట్టారు. నేను మా పల్లె మంగళవాడలో మా నాన్న బోరు కోసం కూడబెట్టినదంతా పెట్టాను. అది పోతే మా చేను బీడే.

లెక్కలు పేపర్లో వచ్చాయి. లాభం రెట్టింపు! ఎగురుకుంటూ సారు ఇంటికి పోయాను. ఆయన వసారాలో కూర్చుని విత్తడానికి కాయలు ఒలుస్తున్నారు. పేపరు తీసుకుని, లాభం దాటి కిందికి చదివారు. చేతిలోని కాయ చిట్లింది.

"నిల్వ చూడప్పా. పోయినేడు గోదాము నిండా కాయ ఉండె. ఈయేడు ఏమీ లేదు. ధర తక్కువున్నప్పుడు అగ్గవకు కొన్న పాత కాయ ఆడించి అమ్మినారు. ఇంగ కాయ యాడుండాది?"

"అయితే లాభం అబద్ధమా సార్?"

"అబద్ధం గాదు. విత్తనం కాయ అమ్ముకున్నోని చేతిలో గూడా దుడ్డు ఆడ్తాది. విత్తే పొద్దుకు తెలుస్తాది వాని గతి. ఈపొద్దు జనం లాభం చూసి కొంటారు. రేపు గోదాము చూస్తారు. లెయ్, అమ్మేద్దాం."

ఇద్దరం పరుగెత్తాం. బస్టాండు పక్కన ఫోను బూత్‌లో ఎంత తిప్పినా లైను దొరకలేదు. నాన్నకు ఏం చెప్పాలో తోచక మళ్ళీ మళ్ళీ తిప్పాను. చివరికి అవతల గంట మోగింది. సారు బ్రోకరును పలకరించి, రిసీవరు నా చేతిలో పెట్టారు.

"ముందు నీది చెప్పు. బిర్నా, మళ్ళీ లైను పోతాది."

నా షేర్లన్నీ అమ్మేయమని చెప్పాను. బ్రోకరు సరేనన్నాడు. రిసీవరు సారుకు అందించేలోపే లైను తెగిపోయింది. షేర్ల బజారు మూసేదాకా మళ్ళీ కలవలేదు. మర్నాడు ధర కూలింది.

"పోనీలేప్పా, కప్పు యాటికి పోతాది," అన్నారు సారు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

మా బోరులో నీళ్ళు పడిన రోజు వచ్చి దోసిలి పట్టి తాగారు. ఆ ఏడు వాన కురిసింది. ఆయన ఇల్లూ కురిసింది.

పెద్ద లాభం కనబడితే నేను నేటికీ ముందు నిల్వ చూస్తాను. కానీ ఎక్కడైనా నా పని ముందు జరిగిపోతే, నాకోసం ఎవరు వెనక ఆగిపోయారోనని తిరిగి చూసుకుంటాను. ఆ భయం ఇంకా పోలేదు.