చెప్పుల దగ్గరి గొంతు

దేవరగట్టు కర్రల పండక్కి వెళ్లింది నేను, నా తమ్ముడు దానియేలు కాదు. సంఘ పెద్దలు అడిగిన రోజే చెప్పాల్సిన ఈ మాట నేను చెప్పలేదు.

దయ్యాలనూ గాలి చేష్టలనూ ఏనాడూ నమ్మిన మనిషిని కాను. మాది ఎమ్మిగనూరు దగ్గర కూలి కుటుంబం. మా నాయన యేసును నమ్ముకుని రక్షణ పొందాక ఇంట్లో దిష్టి తీయడం కూడా మాన్పించాడు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆ దసరాకు స్నేహితులతో తాగి గట్టుకు వెళ్లాను. నన్ను వెతుక్కుంటూ వచ్చిన తమ్ముడు తోపులాటలోంచి లాగుతుంటే ఒక కర్ర వాడి నుదుటికి తగిలింది. ఆదివారం తలకు కట్టుతోనే మందిరానికి వచ్చాడు. పెద్దలు అడిగితే "పోయినాను, నిజమే" అన్నాడు గానీ నా పేరెత్తలేదు. దేవుడి విగ్రహాల కోసం కర్రలతో కొట్టుకునే ఆ పండక్కి పోవడం మా సంఘంలో తప్పు. వాడికి ప్రభువు బల్ల, అంటే నెలకో ఆదివారం పంచే రొట్టె, ద్రాక్షరసం, ఆపేశారు. వాడు నడిపించే పాటలు నాకప్పగించారు.

నేను నోరు మూసుకున్నది భయంతో కాదు, అసూయతో. అందరి దగ్గరా పాటల పుస్తకాలుండవు కాబట్టి మా మందిరంలో ఒకరు పంక్తి అందిస్తే మిగతావాళ్లు పాడతారు. తమ్ముడు అందిస్తే ముసలివాళ్లు కూడా నిటారుగా కూర్చునేవారు. నా భార్య జొన్నరొట్టె తడుతూ వాడి రాగమే తీసేది. "నువ్వూ పాడతావులేప్పా, తేనె మాత్రం నీ తమ్మునిదే" అనేది మా అమ్మ.

బల్ల ఆగినా వాడు రావడం మానలేదు. గుమ్మం బయట చెప్పుల దగ్గర కూర్చుని పాడేవాడు. నేను అందిస్తున్నా జనం చెవులు అటే ఉండేవి. కొన్నాళ్లకు ఆదోనిలో పత్తి మిల్లు పనికి వెళ్లిపోయాడు. నాకు హాయిగా అనిపించింది. రక్షణ పొందినవాణ్ననుకుంటూ నెలనెలా రొట్టె తీసుకుంటూనే ఉన్నాను.

ఒక బల్ల ఆదివారం నాయన కట్టిన పాట అందించాను. దానికి చివరి చరణం ఒకటుంది. పెదనాయనతో మాటల్లేని రోజుల్లో నాయన ఇంట్లో కట్టుకున్నది. ఇద్దరూ సమాధానపడ్డాక మళ్లీ పాడలేదు. మందిరంలో అసలు పాడలేదు. అమ్మ కూడా పోయాక అది మా అన్నదమ్ములిద్దరికే తెలుసు. ఎప్పటిలాగే మూడో చరణంతో ఆపి కూర్చోబోయాను.

చెప్పుల దగ్గర నుంచి తమ్ముడి గొంతు పంక్తి అందించింది.

"తోడబుట్టినోని చెయ్యి వదిలి, రొట్టెకెట్ల చెయ్యి సాపుతావు?"

అందరూ అందుకున్నారు. నాకు మొదట కలిగింది భయం కాదు. నాకంటే వాడికే గట్టిగా పాడుతున్నారే అన్న మంట. విసురుగా గుమ్మం దాకా వెళ్లాను. చెప్పులే ఉన్నాయి, మనిషెవరూ లేరు.

ఆ రోజు రొట్టె నా ముందుకు వస్తే తీసుకోలేకపోయాను.

"మీ తమ్ముడు పలకరియ్యకుండానే పోయినాడే" అంది నా భార్య, బయటికి వచ్చాక.

అటునుంచి అటే ఆదోని బస్సెక్కాను. తమ్ముడు మిల్లు పక్క గదిలో మెడకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. వాడి భార్య నన్ను చూసి నవ్వింది.

"పత్తి దుమ్ముకు గొంతు పూడిపాయ బావా. నీళ్లు కావాలన్నా సైగే. ఇల్లు ఇంత నిమ్మళంగా ఎప్పుడూ ల్యాకుండె."

పొద్దున ఎక్కడికైనా వెళ్లాడా అని అడిగాను.

"యాడికి పోతాడు? ఈడనే పండుకోనుండాడు."

జరిగింది చెప్పాను. ఆ చరణం వినగానే తమ్ముడు గొంతు మీద చెయ్యి పెట్టుకుని, నన్నే చూస్తూ తల అడ్డంగా ఊపాడు.

తర్వాత సంఘంలో కనిపించినవాళ్లందరినీ అడిగాను. దానియేలే అందించాడన్నారు. చూశామన్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. నాకిప్పటికీ అంతుపట్టలేదు.

మళ్లీ బల్ల ఆదివారం వచ్చేసరికి వాణ్ని వెంటబెట్టుకొచ్చాను. అలవాటుగా చెప్పుల దగ్గర కూర్చోబోయాడు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, పాట మొదలుకాకముందే అందరి ముందూ చెప్పాను.

"గట్టుకు పోయింది నేను. తాగింది నేను. నన్ను ఇడిపించనీకి వచ్చి వీడు దెబ్బ తిన్యాడు. వీని గొంతు మీద కుళ్లుతో ఇన్నాళ్లు నోరు మూసుకుంటి. దానియేలూ, నన్ను క్షమించప్పా."