ఒక్క ఆదివారం తీసిన పన్నెండు వారాలు

మాంద్యం ఏడాది జెర్సీ సిటీలో నా రూమ్మేట్‌కి ఫోటో దిగే ముందు కాలరు సవరించుకునే అలవాటు ఉండేది. అతని ప్రాజెక్ట్ పోయిన వారమే, ఆదివారం నాడు, అతను నన్ను నది ఒడ్డుకు తీసుకెళ్లాడు. సంచిలో పన్నెండు చొక్కాలు తెచ్చాడు. వాటిని మార్చుకుంటూ పన్నెండు చోట్ల నిలబడ్డాడు. నేను తీశాను.

“వారానికొకటి అప్‌లోడ్ చేస్తాను, అన్నా. గుంటూరులో మా ఆవిడ నేను ఆఫీస్‌కి వెళ్తున్నాననే అనుకుంటుంది.”

“పన్నెండే ఎందుకు?”

“ఆలోపు ఇంకో ప్రాజెక్ట్ రాదా అన్నా?”

రాలేదు. రోజంతా దుప్పటి కప్పుకుని లాప్‌టాప్ ముందే కూర్చునేవాడు. జుట్టు చెవుల మీదికి దిగింది. ఫోటోల కింద బంధువుల లైకులు మాత్రం ఏ వారమూ నలభైకి తగ్గలేదు. లెక్కపెట్టే నాకే అలసటొచ్చింది.

తొమ్మిదో వారం అతని భార్య నాకు ఫోన్ చేసింది.

“అన్నయ్యగారూ, తొమ్మిది చొక్కాలు మారాయి గానీ ఆయన జుట్టు పెరగడమూ లేదు, తగ్గడమూ లేదు. బాగానే ఉన్నారా?”

అబద్ధం చెప్పే ఓపిక లేక ఫోన్ అతనికిచ్చాను.

“ప్రాజెక్ట్ పోయింది,” అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు వింటూనే ఉన్నాడు. చివరికి గోడవైపు తిరిగి మెల్లగా అడిగాడు: “నిజంగా కోపం లేదా?”