ఎడమ చెయ్యే కదా అన్నారు

ఆ రోజు పొద్దున లేవగానే తల పగిలిపోతున్నట్టు నొప్పి. మర్నాడు నా పురుటి స్నానం. మాదన్నపేటలో మా అమ్మగారింటి వెనక గది. మే నెల ఎండలు. కిటికీలు మూసేశారు. నా చెవుల్లో దూది, తలకు ఉన్ని మఫ్లరు, మంచం కింద సాంబ్రాణి పొగ. పక్కలో పసిపిల్ల. నాలుక అంగిట్లో అతుక్కుపోతుంటే నీళ్లు అడిగాను.

"పచ్చి బాలింతవు బిడ్డా. నీళ్లు తాగుతే సన్నిపాతం కొడ్తది. జర ఓర్సుకో" అంది అమ్మ.

వాము వేసి కాచిన నీళ్లు టీ గ్లాసులో సగం, అదీ రెండు పూటలా. కాన్పు అయినప్పటి నుంచీ అంతే. వెల్లుల్లి కారంతో పొడి అన్నం పెట్టి, దాని మీద గుక్కెడు నీళ్లకు గతి లేకుండా చేశారు. నేను ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరింగ్ చదివినదాన్ని. నా చదువు ఆ గది గడప దగ్గరే ఆగిపోయింది. లోపల బాలింత మాటకు విలువ లేదు. పిల్లకు స్నానం చేయించాక తొట్టిలో మిగిలిన నీళ్ల వైపు ఆశగా చూశాను.

మధ్యాహ్నానికి వాంతులు మొదలయ్యాయి. వీధి చివర క్లినిక్ డాక్టరు నాడి పట్టుకుని "పురిటి నీరసం, అంతే" అని నొప్పి మాత్ర ఇచ్చి పోయాడు. అమ్మ మిరపకాయలతో దిష్టి తీసింది. ఆ ఘాటుకు దగ్గుతూ ఉండగానే ఎడమ చెయ్యి దానంతటదే కొట్టుకోవడం మొదలుపెట్టింది. తర్వాత ఏమైందో నాకు గుర్తులేదు. ఫిట్స్ వచ్చాయట. మా ఆయన, బాపు కలిసి ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు.

మెలకువ వచ్చేసరికి చేతికి సెలైన్ ఉంది. స్కాన్ అయిపోయింది. వార్డు గోడల మీద పాన్ ఉమ్ములు, పక్క మంచం కింద ఎవరిదో మూత్రం సంచి పొంగి కారుతోంది. న్యూరాలజిస్టు పెద్దావిడ, మెత్తగా మాట్లాడే రకం కాదు.

"కార్టికల్ వీనస్ థ్రాంబోసిస్. మెదడు నుంచి రక్తం వెనక్కి తెచ్చే సిరలో క్లాట్ పడింది. డెలివరీ తర్వాత రక్తం ఎలాగూ తొందరగా గడ్డకడుతుంది. దానికి తోడు ఒంట్లో నీళ్లు లేవు. రోజుకు ఎన్ని నీళ్లు ఇచ్చారు?"

అమ్మ కొంగు సర్దుకుని, మెచ్చుకుంటారనుకుందో ఏమో, గర్వంగా చెప్పింది. "సుక్క ఎక్వ ఇయ్యలే మేడం. మస్తు పదిలంగ సూస్కున్నం."

"ఈ పదిలమే నా వార్డు నింపుతోందమ్మా" అని ఆవిడ కేస్‌షీట్ మూసేసింది.

ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇంజక్షన్లు, ఫిట్స్ మాత్రలు. కాలు త్వరగానే తిరిగొచ్చింది. నడక వచ్చింది. ఎడమ చెయ్యి మాత్రం భుజం నుంచి వేలాడుతూ, వేళ్లు లోపలికి ముడుచుకుని ఉండిపోయింది. చూడటానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే పాట. "ఎడమ చెయ్యే గద. దేవుడు సల్లగ సూసిండు." ఫిజియోథెరపీ ఆయన కూడా కాలికి అరగంట చేయించి, చేతిని రెండుసార్లు అటూ ఇటూ వంచి "లెఫ్టే కదమ్మా, మేనేజ్ చేసుకోవచ్చు" అనేవాడు. ఛీ, ఆ మాటంటే నాకు ఒళ్లు మంట. ఎడమ చెయ్యి లేకుండా ఒక్క పూట జాకెట్ హుక్కులు పెట్టుకోమనండి. జడ వేసుకోమనండి. పసిపిల్ల తల కింద ఏ చెయ్యి ఉంటుందో చెప్పమనండి.

ఆ చేత్తోనే తినడానికి ప్రయత్నించమని డాక్టరమ్మ చెప్పింది. వాడితేనే వస్తుందట. నేను ఎడమ చేతికి చెంచా కట్టుకుంటే అమ్మ లాగేసింది. "థూ! ఆ చేత్తోని అన్నమా? నేను లేనా తినిపిస్త" అని ముద్దలు కలిపి నోట్లో కుక్కింది. ప్రేమే. ఆ ప్రేమంటేనే నాకు వెగటు పుట్టింది. నా కూతురు నడక నేర్చాక, నాకు ఎడమ పక్కన ఉంటే చుట్టూ తిరిగి నా కుడి వైపుకు వచ్చి చెయ్యి పట్టుకునేది. ఎవరూ నేర్పలేదు. ఆ చెయ్యి పట్టుకోదని దానికే తెలిసిపోయింది.

ఒకసారి నరాల పరీక్షకు వెళ్లాను. ముంజేతిలో సూది గుచ్చి "వేళ్లు తెరవమ్మా" అన్నారు. నా వేళ్లు కదల్లేదు. కానీ తెర మీద ఆకుపచ్చ గీత సన్నగా వణికింది.

"కొంచెం యాక్టివిటీ ఉంది. కానీ పనికొచ్చేంత కాదు" అన్నాడు అక్కడి డాక్టరు.

ఇంజనీరింగ్‌లో నాకు నేర్పిందే అది కదా. సిగ్నల్ చిన్నదైతే పెంచుకోవాలి. కండరంలో సిగ్నల్ పుట్టినప్పుడల్లా చప్పుడు చేసే యంత్రం ఉంటే, ఏ ప్రయత్నానికి చప్పుడు వచ్చిందో చూసుకుని మళ్లీ అదే చేయొచ్చు. దాన్ని బయోఫీడ్‌బ్యాక్ అంటారని ఆ రోజే విన్నాను. బయోమెడికల్ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్‌కు అప్లై చేశాను. మా ఆయన అప్లికేషన్ చదివి "చేద్దువుగానీ, పాపను నేను చూసుకుంటా" అన్నాడు. ఆ మాట మీద నిలబడ్డాడు కూడా.

ఇంటర్వ్యూలో ప్రొఫెసరు నా చెయ్యి చూశాడు, మార్కులు చూడలేదు. "ఒక చేత్తో సోల్డరింగ్ ఎట్లా చేస్తారమ్మా? థియరీ ప్రాజెక్ట్ తీసుకోండి, సేఫ్." బల్లకు బిగించే క్లాంపు ఉంటుందని చెప్పాను. నవ్వాడు. సీటైతే వచ్చింది.

ఇక ఆ ల్యాబు. నాకు కావలసిన యంత్రం, విదేశాల నుంచి వచ్చింది, అక్కడే ఉంది. ప్లాస్టిక్ కవరు కప్పి, అల్మారాలో పెట్టి, తాళం వేసి ఉంచారు. ఇన్‌స్పెక్షన్ రోజున బయటికి తీసి, దుమ్ము తుడిచి, మళ్లీ లోపల పెట్టేవారు. అడిగితే "ఖరాబైతే ఎవరు జవాబుదారీ?" అనేవాడు అటెండరు. పక్షవాతం వాళ్ల కోసం కొన్న యంత్రాన్ని పక్షవాతం వచ్చినదాన్ని ముట్టుకోనివ్వలేదు. ఎంత రోత పని అది!

సరే, నేనే చేసుకున్నాను. కోఠీలో విడిభాగాలు కొని, ఒంటి చేత్తో అతికి, ఒక డబ్బా తయారుచేశాను. ఆన్ చేస్తే ఊరికే రొద పెట్టేది. గోడల్లోని కరెంటు తీగల రొద అంతా నా చేతి సిగ్నల్ మీద పడేది. ఎన్ని మార్పులు చేసినా అంతే. ఆ చిరాకులో నిద్ర మాని, మాత్రలు వేళ తప్పించి, ఒకరోజు ల్యాబులోనే ఫిట్స్‌తో పడిపోయాను.

తెలివి వచ్చేసరికి నా ముక్కు దగ్గర ఎవడిదో తోలు చెప్పు. ఎడమ చేతిలో తాళాల గుత్తి. ఫిట్స్ వస్తే ఇనుము పట్టించాలట! నాతో బయోమెడికల్ ఇంజనీరింగ్ చదువుతున్నవాళ్లు, మెదడు బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకున్నవాళ్లు, చేసిన వైద్యం అది. ఆ చెప్పు కంపు చాలా రోజులు నా ముక్కులోనే ఉంది. గుత్తి అటెండరుదే. అల్మారా తాళంచెవి నా చేతికి అందింది ఆ ఒక్కరోజే.

డిపార్ట్‌మెంట్ వాళ్లు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెచ్చేదాకా రావద్దన్నారు. డబ్బా పట్టుకుని మాదన్నపేట వచ్చి పడ్డాను. ఒక మధ్యాహ్నం చేతికి ఎలక్ట్రోడ్లు అంటించుకుని, ఆ రొద వింటూ కూర్చున్నాను. కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. బ్యాటరీ మీద ఉన్న డబ్బా కూడా నోరు మూసుకుంది. గోడల్లో కరెంటు లేదు, ఇక రొదా లేదు. వేళ్లు తెరవాలని ప్రయత్నించాను. కుయ్‌మంది. ఆపాను. ఆగింది. మళ్లీ ప్రయత్నించాను, మళ్లీ కుయ్‌మంది. బియ్యం ఏరుతున్న అమ్మ చాట పక్కన పెట్టింది.

"ఏందే గది? మొత్తుకుంటున్నది నీ చెయ్యేనా?"

"నా చెయ్యే."

అమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదు, మళ్లీ కుయ్‌మనిపించాను. ఆ తర్వాత కరెంటు పోతే వీధి వీధంతా తిట్టుకునేది, నేను మాత్రం పరుగెత్తి డబ్బా తీసేదాన్ని. ఆ రొదను ఆపే ఫిల్టర్ కుదరడానికి ఇంకా చాలా కాలం పట్టింది. వేళ్లు కదలడానికి అంతకన్నా ఎక్కువ పట్టింది. ముందు చూపుడు వేలు, ఆ తర్వాత మిగతావి. ఎం.టెక్ ఆలస్యంగానే అయినా పూర్తయింది.

ఇప్పుడు నేను ఒక ఆసుపత్రి రిహాబ్ విభాగంలో పనిచేస్తున్నాను. అలాంటి డబ్బాలనే, ఇంకా మెరుగైనవి, పేషెంట్ల చేతులకు తగిలిస్తాను. నా చెయ్యి పూర్తిగా రాలేదు. గుండీలు పెట్టుకోలేను. గ్లాసు పట్టుకోగలను, కొంచెం వణుకుతుంది. నా కూతురు ఇప్పుడు ఏ వైపు దొరికితే ఆ చెయ్యి పట్టుకుంటుంది.

మొన్న వేసవిలో మా తమ్ముడి భార్య మంజులకు కాన్పయింది. వాళ్ల అమ్మ లేదు కాబట్టి పురుడు మా అమ్మగారింట్లోనే. చూద్దామని వెళ్లాను. అదే వెనక గది. మూసిన కిటికీలు, దూది, మఫ్లరు, పొగ. మంచం పక్కన వాము నీళ్లు, సగం గ్లాసు.

"తల నొస్తుంది వదినా" అంది మంజుల. ఆ పిల్ల పెదవులు పగిలి ఉన్నాయి.

"ఏందమ్మా ఇది? నన్ను చూసి కూడానా?" అన్నాను.

"నీది వేరే బిడ్డా. నీకు దిష్టి తాకింది" అంది అమ్మ, ఇన్నేళ్ల తర్వాత.

కిటికీ తెరిచాను. వంటింట్లోంచి నిండు బిందె తెచ్చి మంచం పక్కన పెట్టాను. గ్లాసు ముంచి, కావాలనే ఎడమ చేత్తో మంజులకు అందించాను. చెయ్యి వణికి కొన్ని నీళ్లు దుప్పటి మీద ఒలికాయి.

"ఎడమ చేత్తోని ఇస్తున్నవేందే, పచ్చి బాలింతకు!" అంది అమ్మ.

మంజుల నా చేతి వైపు చూసింది. గ్లాసు అందుకుని గటగటా తాగి, మళ్లీ చాపింది. ఆ తర్వాత తమ్ముడు ఆటో పిలిస్తే స్కాన్‌కు తీసుకుపోయాం. క్లాట్ లేదు.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మీ ఇంట్లో బాలింత ఉంటే, చెయ్యి చాపితే అందేంత దగ్గర నిండు బిందె పెట్టండి. తలనొప్పి, వాంతులు అంటే దిష్టి తీస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. నీళ్లు ఏ చేత్తో ఇచ్చినా తప్పులేదు.